ఉప్పు వేసిన చెయ్యి

రోడ్డు మీద లాస్టన్ తన చిప్స్ బల్ల దగ్గర ఉన్న సమయంలో, అతని అత్తగారూ ఆవిడ చెల్లెలూ కలిసి అతని ఇంట్లోకి వెళ్ళారు. పొయ్యి పక్కన మూతపెట్టి ఉన్న కుండ తెరిచారు. గుమ్మడాకు కూర, వేరుశెనగ పొడి వేసి వండింది. ఇద్దరూ వేలితో తీసి నాలిక్కి రాసుకున్నారు. ఉప్పు సరిగ్గా సరిపోయింది.

దాంతో లాస్టన్ చెడ్డ మనిషని తేలిపోయింది.

మా వైపు ఉప్పు సంగతి ఇలా ఉంటుంది. పెళ్ళాం దగ్గర లేని మగాడు ఇంకొకతెతో పడుకుని వచ్చి, ఆ చేత్తో కూరలో ఉప్పు వేస్తే, ఆ కూర తిన్న పసిబిడ్డ చిక్కి శల్యమైపోతుంది. మొగుడు దగ్గర లేని ఆడదైనా అంతే. ఇది అందరికీ తెలిసిన మాటే. చర్చికి వెళ్ళేవాళ్ళకీ తెలుసు, ఫోన్లో ప్రపంచమంతా చూసేవాళ్ళకీ తెలుసు. అందుకే మనుషులు విడిగా ఉంటున్న ఇంట్లో ఉప్పు వేసే పని ముట్లుడిగిన ముసలమ్మకో, చిన్నపిల్లకో అప్పజెబుతారు. వాళ్ళ చెయ్యి చల్లన.

లాస్టన్ పెళ్ళాం ఎనెలెసి పొగాకు వేలం మొదలైనప్పుడు రాజధాని లిలోంగ్వే వెళ్ళింది. అక్కడ షెడ్డులో ఆకు గ్రేడింగు పని. బిడ్డ యాంఖోకి రెండేళ్ళు దాటాయి. ఆ బిడ్డ చిక్కిపోయింది, నిజమే. ఇంట్లో చిన్నపిల్ల ఆ ఒక్కతే, కనుక ఉప్పు తనే వెయ్యాలి. మరి రెండేళ్ళ పిల్ల తూకం వేసినట్టు ఉప్పు వేస్తుందా? వెయ్యదు. మగాడికి వంట వచ్చా? రాదు. కనుక ఎవతో వచ్చి వండిపెట్టి పోతోంది. బిడ్డ అందుకే చిక్కిపోతోంది. ఇద్దరు ముసలమ్మలు ఒక కుండ ముందు కూర్చుని ఇంత లెక్క తేల్చేశారు.

పోనీ అతన్నే అడగొచ్చుగా అంటారేమో. ఎలా అడుగుతారు? మాలో అత్తగారు అల్లుడి ముఖం చూడదు, అల్లుడితో మాట్లాడదు. దారిలో ఎదురుపడితే ఒకరు పొదల్లోకి తప్పుకోవాలి. అది మర్యాద. ఇంత మర్యాదస్తులు మనిషి లేనప్పుడు కుండ మూత మాత్రం తీస్తారు.

లాస్టన్ ఇల్లరికపు అల్లుడు. ఆ మాటకొస్తే మాలో అందరు మగాళ్ళూ ఇల్లరికపు అల్లుళ్ళే. పెళ్ళాం ఊళ్ళో ఇల్లు కట్టి ఇస్తాం. ఇల్లు ఆమెది, పిల్లలు ఆమె వంశం వాళ్ళు, వాళ్ళ మంచిచెడ్డలు మేనమామవి. తేడా వస్తే మగాడు తన గొడ్డలి భుజాన వేసుకుని పుట్టిన ఊరికి పోవాలి. ఊళ్ళో ముద్దుగా ‘అరువు కోడిపుంజు’ అంటారు. లాస్టన్ ఆ ఇంటికి ఇటుకలు తనే కోసి, తనే కాల్చాడు. గోడలు ఎంత నున్నగా వచ్చాయంటే, పక్కవాళ్ళు వచ్చి చేత్తో తడిమి చూసేవాళ్ళు. ‘పుంజు గూడు బాగా కట్టింది’ అని కూడా అన్నారు.

అతను మా సెంటర్లో చిప్స్ వేయిస్తాడు. మా దెడ్జా బంగాళాదుంపల పేరు లిలోంగ్వే దాకా తెలుసు, ఆ దుంపలే. బల్ల మధ్యలో రేకు పెనం, దాని కింద కట్టెలు, పెనంలో నూనె. వేగిన ముక్కలు అంచుకు లాగి, పైన గుప్పెడు క్యాబేజీ తురుము, టొమాటో ముక్కలు వేసి, డబ్బా మూతకి చిల్లులు పొడిచిన ఉప్పుడబ్బా ఒకసారి దులిపేవాడు. బస్సు దిగినవాళ్ళకీ ఎక్కినవాళ్ళకీ, పోలీసులకీ పాస్టరుకీ ఆ చెయ్యే ఉప్పు వేసేది. ఎవరూ చిక్కిపోలేదు. నేను ఆ పక్కనే మినీబస్సులకి జనాన్ని పిలిచి ఎక్కించే పని చేసేవాణ్ణి. ‘దెడ్జా దెడ్జా లిలోంగ్వే’ అని గొంతు పోయేలా అరిచి, మధ్యాహ్నం అతని దగ్గర తినేవాణ్ణి. ఈ కథలో సగం నేను కళ్ళారా చూసింది, సగం అతను చెప్పింది.

ఎనెలెసి వెళ్ళిన కొత్తలో పగలు పిల్లని అమ్మమ్మ దగ్గర వదిలి వచ్చేవాడు. ముసలావిడ దగ్గర అప్పటికే కూతుళ్ళ పిల్లలు ఇల్లంతా ఉన్నారు. ఒక కుండ పెడితే అందరూ చేతులు పెడతారు. గట్టి చేతులున్నవాడు తింటాడు. యాంఖో తినేది కాదు. తల్లి వెళ్ళిన దారి చూస్తూ రోడ్డు పక్కన కూర్చునేది. ఒకరోజు దుంపల లారీ హారన్ కొడుతూ ఆగితే చూశారు, పిల్ల చక్రానికి ఎదురుగా కూర్చుని మట్టి తింటోంది. మర్నాటి నుంచీ లాస్టన్ పిల్లని ఆడవాళ్ళు నడుముకి చుట్టుకునే చితెంజె గుడ్డతో వీపుకి కట్టుకుని, సైకిల్ మీద సెంటర్‌కి తీసుకురావడం మొదలుపెట్టాడు.

మగాడు వీపున బిడ్డని కట్టుకుని రావడం మా సెంటర్లో సినిమా కంటే ఎక్కువ.

‘అమ్మా లాస్టనమ్మా! బిడ్డకి పాలిచ్చావా?’ అని అరిచారు బస్సుల కుర్రాళ్ళు.

‘ఇచ్చాన్రా. నీకూ కావాలా, ఇలా రా,’ అన్నాడు లాస్టన్, దుంపలు తిప్పుతూ.

రెండు వారాలకి వాళ్ళకి విసుగొచ్చింది. అతనికి మాత్రం పని రెండింతలైంది. పక్కన సలసల కాగే నూనె, పిల్లకి కాళ్ళొచ్చి ఎంతో కాలం కాలేదు. అదే గుడ్డ ఒక కొస పిల్ల నడుముకి, ఇంకో కొస పక్కనున్న టొమాటో బల్ల కాలికి కట్టేవాడు. ఆ బల్ల ఎలుబిది. ఎలుబి విధవ, నోరు పెద్దది. ‘లాస్టన్, నీ మేకపిల్ల నా టొమాటోలు మేస్తోంది,’ అని అరుస్తూనే పిల్ల ముక్కు తుడిచేది. పిల్ల ఉచ్చ పోస్తే అతను దుంపలు వదిలి పరిగెత్తాలి. వచ్చేసరికి దుంపలు మాడేవి. దుంపలు చూస్తుంటే పిల్ల కట్టెపేడు పట్టుకునేది. ఎటు చూడాలో తెలియక మధ్యలో నిలబడిపోయిన అతని మొహం నాకు బాగా గుర్తు.

ఉప్పు సంగతి అత్తగారే మొదలుపెట్టింది. ఎనెలెసి వెళ్ళిన వారంలోనే ఆవిడ మొక్కజొన్న గాదె వెనక, అటు తిరిగి నిలబడి, పిల్లతో చెప్పింది.

‘యాంఖో తల్లీ, మీ నాన్నతో చెప్పవే. మీ అమ్మ లేదు కదా, కూరలో ఉప్పు ఆయన చేత్తో వెయ్యకూడదని. నీ చేత్తో వేయించమను.’

‘ఉప్పు!’ అంది యాంఖో.

లాస్టన్ గాదెకి ఇవతల చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ‘అమ్మమ్మతో చెప్పమ్మా, అలాగేనని.’

‘ఉప్పు!’ అంది యాంఖో, అటు తిరిగి.

సంభాషణ అయిపోయింది.

మొదటి రోజు పిల్ల పిడికెడు ఉప్పు తీసి కుండలో పడేసింది. ఆకులు నీళ్ళలో కడిగి తిన్నారు. రెండో రోజు వెయ్యనంది. చప్పిడి కూర తిన్నారు. ఆ తర్వాత ఉప్పు నిప్పుల్లో వేస్తే చిటపటమంటుందని కనిపెట్టి, డబ్బాలో సగం పొయ్యిలో పోసి చప్పట్లు కొట్టింది. ఉప్పు అయిపోతే ఎలుబిని అడిగి తెచ్చుకున్నాడు. తెచ్చాక అతనికి ఇంకో అనుమానం పట్టుకుంది. పరాయి ఆడదాని ఉప్పు. ఇది ఏ లెక్కలోకి వస్తుంది?

‘నా ఉప్పు మా ఆయన పోయినప్పట్నుంచీ ఒంటరిగానే పడుకుంటోందిలే. భయపడకు, తీసుకెళ్ళు,’ అంది ఎలుబి. అక్కడున్న అందరం నవ్వాం. లాస్టన్ నవ్వలేదు.

చివరికి ఒక దారి దొరికింది. పిల్ల పిడికిట్లో ఉప్పు పట్టుకునేది. ఆ పిడికిలిని అతను తన గుప్పిట్లో పట్టుకుని కుండ మీదికి తెచ్చి, మెల్లగా నొక్కి, మెల్లగా వదిలేవాడు. పిల్ల వేళ్ళ సందుల్లోంచి కావలసినంత ఉప్పు రాలేది. మిగిలింది పిల్ల నాకేసేది. ఉప్పుని తాకింది పిల్ల చెయ్యే, అతని చెయ్యి తాకలేదు. కానీ ఎంత రాలాలో చెప్పింది అతని చెయ్యి.

‘నేను ఏత్తా! నేను ఏత్తా!’ అని పిల్ల రోజూ ఆ ఆట కోసం పొయ్యి దగ్గర ఎగిరేది. అన్నం పూట మారాం చేసే పిల్ల ఉప్పు పూట మాత్రం పిలవకుండానే వచ్చేదని చెప్పేటప్పుడు లాస్టన్ మొహం వెలిగేది. వెంటనే ముడుచుకునేది.

‘ఒరేయ్, నువ్వు చదువుతావు కదా,’ అని అడిగాడు నన్ను ఒకరోజు. ‘ఇది ఎవరు వేసినట్టు?’

‘కూరలో ఉప్పు పడినట్టు.’

‘నవ్వులాటకి అడగట్లేదు. పిల్ల చిక్కిపోతోంది. చేతులు చూడు.’

నేను చూశాను. పొట్ట ముందుకొచ్చింది, చేతులు కట్టెపుల్లల్లా ఉన్నాయి. నేను ఆస్పత్రి గోడ మీద రాతల నుంచీ, చిత్తు కాగితాల కట్టల్లో దొరికిన పాత పుస్తకాల నుంచీ ఏరుకున్న చదువంతా అక్కడ కక్కాను. ఉప్పుతో దీనికి పనిలేదని, తల్లిపాలు మానేసిన పిల్లకి సంకటీ దుంపలూ చాలవని, గుడ్డు పెట్టాలని, చేప పెట్టాలని, వేరుశెనగలు ఎక్కువ పెట్టాలని చెప్పాను.

‘నీ చిన్నప్పుడు నువ్వేం తిన్నావ్?’

‘సంకటి.’

‘మరి?’

‘అందుకే ఇలా ఉన్నాను.’

‘నువ్వు ఇలా ఉండటానికి వేరే కారణాలున్నాయిలే,’ అన్నాడు. అయినా మర్నాడు బల్ల మూసి పిల్లని ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళాడు. నర్సు పిల్ల జబ్బకి రంగుల టేపు చుట్టింది. పసుపు రంగు దగ్గర ఆగింది, అంటే తిండి చాలట్లేదని.

‘తల్లేది?’ అంది నర్సు.

‘లిలోంగ్వేలో. ఇక్కడ నేనే.’

నర్సు అతన్ని కిందా మీదా చూసి, వేరుశెనగ ముద్ద పొట్లాలు చేతిలో పెట్టింది. రోజూ చించి పిల్ల నోట్లో పిండాలి. ఎవరికీ పంచకూడదు. ఆ రోజు సాయంత్రం అతను అంతకుముందు కంటే తికమకగా ఉన్నాడు. నర్సు ఉప్పు మాట అడగలేదట. అడగలేదంటే ఉప్పుతో పనిలేదనా, లేక ఆమెకి మన సంగతులు తెలియవనా?

పొట్లాలు మొదలుపెట్టి వారమైనా కాలేదు, అత్తగారు కుండ మూత తీసింది.

ఆదివారం చర్చి అయ్యాక ఊరిపెద్ద వరండాలో మాట్లాడుకోవడానికి కూర్చున్నారు. మా ఊరిపెద్ద ముసలావిడ. ఆవిడ కుర్చీలో, మిగతావాళ్ళు చాపల మీద. అత్తగారు అందరికీ వీపు చూపిస్తూ మూల కూర్చుంది. ఎనెలెసి అన్న గానిజాని మధ్యలో నిలబడ్డాడు. అతనే యాంఖో మేనమామ, ఆ బిడ్డ విషయంలో ఆఖరి మాట అతనిది. చెడ్డవాడని నేను అనను. చెడ్డవాడైతే నాకు సుఖంగా ఉండేది.

‘బావ మీద నాకు పగ లేదు,’ అన్నాడు గానిజాని. ‘కానీ రేపు ఈ బిడ్డకేమన్నా అయితే గొయ్యి తవ్వేది నేను. జనానికి జవాబు చెప్పేది నేను. ఆయన గొడ్డలి భుజానేసుకుని పోతాడు. మేకపిల్లలా బిడ్డని బల్లకాలికి కట్టేస్తే ఊరుకున్నాను. మగాడు బిడ్డని మోస్తుంటే నలుగురూ నవ్వినా ఊరుకున్నాను. కోడిపుంజు గుడ్ల మీద కూర్చుంటే పిల్లలవుతాయా?’

‘పెట్ట లిలోంగ్వే పోతే పుంజే కూర్చోవాలి మరి,’ అంది వెనకనుంచి ఎలుబి. వండిపెట్టేది తనేనేమోనని ఆమెని కూడా పిలిపించారు.

‘నీ వంతు వస్తుందిలే,’ అన్నాడు గానిజాని.

‘వచ్చిందనుకో. ఆయనకి వండిపెట్టడానికి నాకు తీరికేది? నా టొమాటోలు నువ్వొచ్చి అమ్ముతావా?’

జనం నవ్వారు. ఊరిపెద్ద కుర్చీ చేతి మీద కొట్టి నవ్వు ఆపింది. నేను లేచి తల్లిపాల సంగతీ వేరుశెనగల సంగతీ చెప్పబోయాను.

‘నాయనా, నీ మినీబస్సు ఖాళీగా పోతోంది, చూసుకో,’ అంది ఊరిపెద్ద. ఈసారి నవ్వు ఆపించలేదు.

తర్వాత ఆవిడ లాస్టన్‌ని సూటిగా అడిగింది. అన్ని రోజుల్లో అతన్ని సూటిగా అడిగిన మొదటి మనిషి ఆవిడే.

‘ఎవతె దగ్గరికైనా వెళ్ళావా?’

‘లేదమ్మా.’

‘ఎవతైనా వచ్చి వండిందా?’

‘లేదమ్మా. నేనే వండుతాను. ఉప్పు పిల్ల వేస్తుంది.’

‘ఈ పిల్ల?’ ఊరిపెద్ద యాంఖో వైపు చూసింది. పిల్ల తండ్రి ఒళ్ళో కూర్చుని అతని చొక్కా గుండీ నములుతోంది. ‘కుండ తెప్పించండి. చూద్దాం.’

పక్కింటి పొయ్యి మీద నుంచి ఉడికిన ఆకుకూర కుండ వచ్చింది, ఉప్పు వెయ్యనిది. ఉప్పు డబ్బా వచ్చింది. గానిజాని పిల్లని ఎత్తి కుండ దగ్గర నిలబెట్టాడు. ‘నువ్వు కదలకు బావా,’ అన్నాడు లాస్టన్‌తో. ఊరు ఊరంతా ఒక చిన్నపిల్ల చెయ్యి వైపు చూస్తోంది.

యాంఖో డబ్బాలో చెయ్యి పెట్టి పిడికెడు ఉప్పు తీసింది. కుండ మీదికి చాపింది. అక్కడ ఆగింది. పిడికిలి విప్పదు. ఎదురుచూస్తోంది. కాసేపయ్యాక వెనక్కి తిరిగి తండ్రిని చూసింది.

‘వెయ్యమ్మా,’ అంది ఊరిపెద్ద.

‘నాన్న,’ అంది యాంఖో.

‘నాన్న వద్దు, నువ్వే వెయ్యి.’

పిల్ల మూతి ముడిచింది. పిడికిలి అలాగే చాచుకుని, చాపల మీద మనుషుల కాళ్ళు తొక్కుకుంటూ తండ్రి దగ్గరికి నడిచింది. దారి పొడుగునా ఉప్పు రాలుతూనే ఉంది. వెళ్ళి ఆ పిడికిలిని అతని అరచేతిలో పెట్టి, ఇక పద అన్నట్టు కుండ వైపు చూసింది.

లాస్టన్ ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే చేసేవాడు కాదనుకుంటాను. గుప్పిట మూసి, వంగి నడుస్తూ పిల్లతో కుండ దగ్గరికి వచ్చి, రోజూలాగే నొక్కి వదిలాడు. ఉప్పు రాలింది. పిల్ల మిగిలింది నాకేసి అందరి వైపూ గర్వంగా చూసింది.

ఊరిపెద్ద రుచి చూసింది. ‘సరిపోయింది,’ అంది.

నేను గెలిచామనుకున్నాను. వండడానికి ఆడది రానక్కర్లేదని ఊరందరి కళ్ళముందే తేలింది కదా. కానీ జనంలో ఇంకో గొడవ మొదలైంది.

‘చూశారుగా, చెయ్యి ఆయనదే,’ అన్నాడొక ముసలాయన.

‘ఉప్పు పట్టుకుంది పిల్ల.’

‘గడ్డి కోసింది కొడవలా, కొడవలి పట్టుకున్న చెయ్యా?’

‘అయితే బిడ్డ చెయ్యి కొడవలంటావా? కొడవలికి ఆకలేస్తుందా?’

‘ఆయన ఎవతె దగ్గరికీ వెళ్ళకపోతే ఎవరి చెయ్యైతే ఏంటంట?’ అంది ఎలుబి.

‘వెళ్ళలేదని ఎవరు చూశారు?’

‘వెళ్ళాడని ఎవడు చూశాడు?’

ఊరిపెద్ద తల పట్టుకుంది. అందరూ అలిసిపోయాక లాస్టన్‌నే అడిగింది. ‘నువ్వు చెప్పు. ఉప్పు వేసింది నువ్వా, పిల్లా?’

పిల్లే అను, అని నేను లోపల అరుస్తున్నాను. ఒక్క మాట. ఆవిడ కూడా ఆ మాట కోసమే అడిగింది, మొహంలో కనిపిస్తోంది. పిల్లే అంటే లేచి ఇంటికెళ్ళి సంకటి తిందామని ఉంది ఆవిడకి.

లాస్టన్ తన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. చెమటకి నాలుగు ఉప్పు గళ్ళు అంటుకుని ఉన్నాయి.

‘నాకు తెలీదమ్మా,’ అన్నాడు. ‘రోజూ అదే ఆలోచిస్తున్నాను.’

ఇలాంటి మనిషిని ఏం చెయ్యాలి? అబద్ధం ఆడటం చాతకాక చెడిపోయినవాళ్ళున్నారు. ఇతను అబద్ధం ఏదో నిజం ఏదో తెలియక చెడిపోయాడు.

నా ఫోన్ తీసుకుని ఎనెలెసికి కలిపి, అందరికీ వినపడేలా పెట్టారు. వెనక షెడ్డులో ఆడవాళ్ళ దగ్గులు వినిపించాయి, పొగాకు దుమ్ముకి. గానిజాని మొత్తం చెప్పాడు.

‘పిల్ల తింటోందా?’ అంది ఎనెలెసి ముందు.

‘తింటోంది,’ అన్నాడు లాస్టన్. ‘పొట్లం తింటోంది. నేను ముందు తిన్నట్టు నటించాలి, అప్పుడు తింటుంది.’

వెనక ఎవరో ఆమెని పేరుపెట్టి కేకేశారు. వస్తున్నా అని చెప్పింది వాళ్ళకి. తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

‘ఉప్పు ఎవరు వేశారు?’

ఫోన్ నా చేతిలోనే ఉంది. లాస్టన్ దాని వైపు, అందులో ఆమె మొహం ఉన్నట్టు చూశాడు.

‘నేను రావాలా?’ అంది ఎనెలెసి. ‘ఇప్పుడొస్తే మళ్ళీ పన్లోకి రానివ్వరు. రావాలంటే వస్తాను. అన్నయ్యా, నాకేం తోచట్లేదు. నువ్వెలా అంటే అలా.’

ఊరిపెద్ద తీర్పు చెప్పింది. ఈ ముడి తనకి విప్పడం రాదంది. తల్లి వచ్చేదాకా బిడ్డ అమ్మమ్మ దగ్గర ఉంటుంది, ఉప్పు అమ్మమ్మే వేస్తుంది. తండ్రి ఆదివారాలు వచ్చి చూడొచ్చు. వేరుశెనగ పొట్లాలు ఇవ్వాలనుకుంటే ఇవ్వొచ్చు, వాటిలో ఉప్పు వేసింది ఎవరో మనకి తెలియదు గనక. ఇంటి మాట గానిజాని చెప్పాడు. చెల్లెలు వచ్చేదాకా ఆ ఇల్లు మూసి ఉంచడం మంచిదట, పది నోళ్ళు పది మాటలు అనకుండా.

లాస్టన్ గొడ్డలి తీసుకెళ్ళలేదు. తీసుకెళితే పెళ్ళి అయిపోయినట్టు. దాన్ని తలుపు వెనకే వదిలేసి, ఒక దుప్పటితో వచ్చి సెంటర్ వెనక గదిలో దిగాడు. రోజూ పొద్దున్నే సైకిల్ మీద వెళ్ళి, అత్తగారి కంచె దగ్గర నిలబడి, ఆడుకునే పిల్లల్లో పెద్దదాన్ని పిలిచి పొట్లం ఇచ్చేవాడు. తను పక్కకి తిరిగి నిలబడి, అది యాంఖో నోట్లో పిండేదాకా ఉండి, ఖాళీ పొట్లం తీసుకుని వచ్చేవాడు. ఆ ఇంట్లో చాలామంది పిల్లలు. ఖాళీది చేతికొస్తేనే నమ్మకం. గానిజాని కూడా ఒక కోడిని ఆ ఇంటికిచ్చి, గుడ్లు మేనకోడలికే పెట్టమన్నాడు. వరండాలో నన్ను కూర్చోబెట్టేసినా, గుడ్లు పెట్టాలన్న నా మాట ఎలాగో అతని చెవిన పడ్డట్టుంది.

చలి ముదిరేసరికి యాంఖో బుగ్గలు వచ్చాయి. చేతులు నిండాయి. నర్సు టేపు ఆకుపచ్చ రంగులోకి వచ్చింది.

‘చూశారా,’ అంది ఊరు. ‘చెయ్యి మారగానే బిడ్డ కోలుకుంది.’

నేను పొట్లాల సంగతి కనిపించినవాడికల్లా చెప్పాను. గుడ్ల సంగతి చెప్పాను. పొట్లాలు ముందు నుంచీ ఇస్తూనే ఉన్నాడు కదా, అప్పుడెందుకు కోలుకోలేదు, అన్నారు. వారం రోజులే కదరా ఇచ్చింది, అన్నాను. ఎంత చదివితే అంత వాదన, అన్నారు. ఎలుబి మాత్రం కుళ్ళిన టొమాటో ఒకటి తీసి రోడ్డుకి అవతల విసిరింది.

ఆ తర్వాత నాకు మా సెంటర్ మీద మనసు విరిగింది. బ్లాంటైర్‌లో ఏదో పని ఉందంటే బయల్దేరాను. వెళ్ళేముందు లాస్టన్ దగ్గర తిన్నాను. వేలం ఇంకా ముగియలేదు, ఎనెలెసి రాలేదు. టొమాటో బల్ల కాలికి గుడ్డ ముక్క ముడి అలాగే ఉంది, ఎలుబి విప్పలేదు. లాస్టన్ దుంపలు వేయించి, క్యాబేజీ వేసి నా ముందు పెట్టాడు. ఉప్పు వెయ్యలేదు. చిల్లుల డబ్బా బల్ల అంచుకి తోశాడు. అప్పుడు గమనించాను, అందరికీ అలాగే తోస్తున్నాడు.

‘ఎవరికి వాళ్ళే వేసుకుంటే మంచిది,’ అన్నాడు నేనడక్కుండానే.

నేను వేసుకున్నాను. ఎక్కువైంది. తిన్నాను. నా బస్సు కుర్రాడు పేరు పెట్టి అరుస్తున్నాడు. లాస్టన్ బల్ల తుడుస్తూ, తల ఎత్తకుండా చెప్పాడు:

‘మొన్న ఆదివారం వెళ్ళాను. బాగా ఒళ్ళు చేసిందిరా. ఎత్తుకుంటే చెయ్యి నొప్పెట్టింది, అంత బరువు. నాకు ఎంత సంతోషమేసిందో, అంత భయమేసింది. బాగైందంటే, చెడింది నా వల్లేననా? పిల్ల కోలుకుందని సంతోషపడితే, ఆ మాట నేనూ ఒప్పుకున్నట్టా? సరే, అదిపోనీ. వాళ్ళు కూర దింపుతున్నారు, మా అత్తగారు అటు తిరిగి ఉప్పు అందుకోబోయింది. ఈలోపల ఇది పరిగెత్తుకెళ్ళి డబ్బాలో చెయ్యి పెట్టి, పిడికిలి చాపి, నా వైపు చూసింది. ఇంటిల్లిపాదీ చూస్తున్నారు. పిడికిలి అలాగే చాపి నిలబడింది, నేను పట్టుకుంటానని. నువ్వు అన్నీ చదువుతావు కదా, చెప్పు. నువ్వైతే ఏం చేసేవాడివి?’